ఆర్చ్ మ్యానింగ్ మీద నా అనుమానం తప్పా అక్కా?

ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. 2005 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఖమ్మం నుంచి యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి వచ్చారట. అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో కూడా తెలియదు. రూమ్మేట్లు లాక్కెళితే స్టేడియంకి వెళ్ళారు. ఆ ఏడాదే విన్స్ యంగ్ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి అందుకుని పాసులు వేస్తూ జట్టు ఆటని నడిపేవాడు) టెక్సాస్ ఒక్క ఆట కూడా ఓడకుండా జాతీయ చాంపియన్ అయింది. 2006 జనవరి 4 రాత్రి, ఇంకా 19 సెకన్లు ఉన్నాయనగా విన్స్ కుడి పక్కకి పరిగెత్తి గీత దాటినప్పుడు, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో పదకొండు మంది తెలుగు కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి అరిచారట. అప్పట్నుంచి ఆయన లాంగ్‌హార్న్స్ మనిషి, టెక్సాస్ జట్టుని అలా అంటారు. ఆరేళ్ళుగా రెండు సీజన్ టికెట్లు కడుతున్నారు, ఒకటి తనకి, ఒకటి కొడుక్కి.

ఇప్పుడు ఆయన బాధ టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, అందరూ ఈ ఆటలో పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లే. ఆ ఇంటి నుంచి వచ్చిన ఈ కుర్రాడి మీద 2025 సీజన్ మొదలవకముందే దేశమంతా ఆశలు పెట్టుకుంది. టెక్సాస్ చరిత్రలో మొదటిసారి సీజన్‌కి ముందు ర్యాంకుల్లో ఒకటో స్థానం ఇచ్చారు. మొదటి ఆటే ఒహాయో స్టేట్ చేతిలో 14-7 తో ఓడిపోయారు. సెప్టెంబరు 13న సొంత ఊళ్ళో, ఎల్ పాసో నుంచి వచ్చిన చిన్న జట్టు మీద, ఆర్చ్ వేసిన 25 పాసుల్లో 11 మాత్రమే అందాయి. మధ్యలో వరసగా పది పాసులు ఎవరికీ అందలేదు. స్టేడియం ‘బూ’ అంది. ఈయన కూడా లేచి నిలబడి, నోటి చుట్టూ చేతులు దొప్పలా పెట్టుకుని అరిచారు.

పక్కన పదిహేనేళ్ళ కొడుకు ఉన్నాడు. వాడు స్కూల్లో జేవీ జట్టుకి, అంటే పెద్ద జట్టు కింద ఉండే జూనియర్ జట్టుకి, రెండో క్వార్టర్‌బ్యాక్. వాడు లేవలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, లోపలి పట్టీని గోటితో గీకుతూ కూర్చున్నాడు. కారులో ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. గ్యారేజీలో దిగేటప్పుడు ఒకే ఒక మాట అడిగాడట: “నేను పది మిస్ చేస్తే నువ్వు ఎక్కడ కూర్చుంటావ్ నాన్నా?”

ఆ రోజు నుంచి తన ఆటల టైము తండ్రికి చెప్పడం మానేశాడు. అమ్మే తీసుకెళుతుంది. లాంగ్‌హార్న్స్ ఆటలకి మాత్రం ‘హోమ్‌వర్క్ ఉంది’ అంటాడు. సీజన్ అయిపోయింది, టికెట్లు రెన్యూ చేయాల్సిన గడువు దగ్గర పడింది. “నా అనుమానం తప్పా అక్కా? అసలు వాడు మ్యానింగ్ కాకపోయుంటే ఇంత దూరం వచ్చేవాడా? టికెట్లు కట్టనా, వదిలేయనా? మా వాడితో ఏం మాట్లాడాలి?” అని అడిగారు. ఉత్తరం చివర, ఎందుకు రాశారో ఆయనకే తెలియనట్టుగా, ఇంకో వాక్యం ఉంది. వాళ్ళ నాన్నగారు ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టాల్సి వస్తే, పెన్ను క్యాప్ తీయకుండా అరగంట ఊరికే చూస్తూ కూర్చునేవారట.

తమ్ముడూ,

మీరు మూడున్నర పేజీలు ఆర్చ్ గురించి రాసి, అర పేజీ కొడుకు గురించి రాశారు. నేనూ మీ వరసలోనే వెళతాను, ఎందుకంటే ముందు ఆట సంగతి తేల్చకపోతే రెండోది మీరు వినరు. డల్లాస్ పక్కన పదేళ్ళకు పైగా ఉన్నదాన్ని, నా శనివారాలు కూడా ఈ ఆటతోనే గడిచాయి, కాబట్టి ‘ఆటేగా, వదిలేయండి’ అని నేను అనను.

మీ అనుమానానికి ఆధారం ఉంది. సెప్టెంబరులో ఆర్చ్ కాళ్ళు నిలకడగా లేవు, ఆ మాట మీరొక్కరే అనలేదు. ఈ ఆట తెలియని పాఠకుల కోసం ఒక మాట: క్వార్టర్‌బ్యాక్ చేతిలోకి బంతి వచ్చాక అతనికి మూడు సెకన్లు కూడా సరిగ్గా ఉండవు. ఆ కాస్త టైములోనే అవతలి వాళ్ళు ఎలా నిలబడ్డారో చూడాలి, తన వాళ్ళు నలుగురైదుగురు పరిగెడుతుంటే ఎవరు ఖాళీ అవుతారో కనిపెట్టాలి, మీదికొస్తున్న మూడు వందల పౌండ్ల మనిషిని చూసీ చూడనట్టు ఉండి బంతి వేయాలి. పాదాలు నేల మీద కుదురుకోకపోతే చేయి ఎంత గొప్పదైనా బంతి ఎటో పోతుంది. ఎల్ పాసో ఆటలో జరిగింది అదే. మీరు చెప్పినట్టు కొన్ని బంతులు మోచేయి కిందికి దించి పక్కవాటంగా వేశాడు, అవి నేలకి కొట్టాయి. మీ కళ్ళు తప్పు చూడలేదు.

కానీ మీ ఉత్తరంలో మీరు చూసినవి ఉన్నాయి, చూడకుండా వదిలేసినవీ ఉన్నాయి. ఆ రోజుకి ఆర్చ్ కాలేజీ ఆట మొదటి నుంచి ఆడినవి ఐదంటే ఐదు. 2024లో అప్పటి మొదటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ దెబ్బ తగిలి కూర్చుంటే రెండు, ఈ సీజన్లో మూడు. పైగా క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఐదుగురిలో నలుగురు 2024 తర్వాత వెళ్ళిపోయారు. ఫ్లోరిడాలో 29-21 తో ఓడినప్పుడు అతన్ని ఆరుసార్లు కింద పడేశారు. కింద పడతానని ముందే తెలిసిన మనిషి కాళ్ళు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత వారమే డల్లాస్ కాటన్ బౌల్లో ఓక్లహోమా మీద 27 పాసుల్లో 21 అందించి 23-6 తో గెలిపించాడు. కెంటకీలో మళ్ళీ జారాడు, 27కి 12, ఆ ఆట ఓవర్‌టైములో గట్టెక్కింది. మిసిసిపీ స్టేట్ మీద ఆఖరి క్వార్టర్లో 38-21 తో వెనకబడి ఉన్న ఆటని సమం చేసి, ఓవర్‌టైములో తలకి దెబ్బ తగిలి బయటికెళ్ళాడు. వారం తిరక్కుండా వాండర్‌బిల్ట్ మీద 328 గజాలు వేశాడు. జార్జియాలో 35-10, చిత్తుగా ఓడిపోయారు. నవంబరు 28న, అప్పటిదాకా ఒక్కటీ ఓడని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ అనే ఇంకో యూనివర్సిటీ జట్టుని ఆస్టిన్‌లో 27-17 తో కొట్టినప్పుడు అతను సొంతంగా 35 గజాలు పరిగెత్తి స్కోర్ చేశాడు. కుర్రాడు ఏ ఒక్క నెలా ఒకేలా లేడు. జాతీయ చాంపియన్‌షిప్ తెచ్చే క్వార్టర్‌బ్యాక్ ఇతనే అని నేను ఇవాళ చెప్పలేను, జార్జియా లాంటి డిఫెన్స్ ముందు ఇంకా తేలాల్సింది ఉంది. కానీ సీజన్ మొదట్లో ఉన్న మనిషి, చివర్లో ఉన్న మనిషి ఒకరు కాదు అని మాత్రం చెప్పగలను. మీ అనుమానం మాత్రం సెప్టెంబరు 13 దగ్గరే ఆగిపోయింది.

‘మ్యానింగ్ కాకపోయుంటే’ అన్న మాట దగ్గర నాకు కాస్త కోపం వచ్చింది, దాచుకోను. పేరు వల్ల కెమెరాలు వచ్చాయి, ప్రకటనలు వచ్చాయి, ఒకటో ర్యాంకు కూడా కొంత దాని వల్లే వచ్చిందేమో. కానీ ఆ ర్యాంకు వేసింది ఓటు వేసిన విలేకరులు, ఆర్చ్ కాదు. ఆడే అవకాశం రాకపోతే మరుసటి ఏడాదే కాలేజీ మారిపోయే ఈ రోజుల్లో, ఆ పేరు పెట్టుకుని రెండేళ్ళు యూవర్స్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజే జట్టు చేతిలో పెట్టేవారు, అయినా వెళ్ళలేదు. ఆ ఇంటి పేరుతో వచ్చినవన్నీ సుఖాలేనా అంటే, అదీ కాదు. తాత ఆర్చీ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కి ఆడిన 1980లో ఆ జట్టు పదహారు ఆటల్లో ఒక్కటి గెలిచింది, సొంత అభిమానులు తలకి కాగితం సంచులు తగిలించుకుని స్టేడియంకి వచ్చారు. పేటన్ ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి ఏడాది, 1998లో, 28 బంతులు అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు, జట్టు మూడు గెలిచి పదమూడు ఓడింది. నాన్న కూపర్‌కి అయితే వెన్నెముక జబ్బు బయటపడి పద్ధెనిమిదేళ్ళకే ఆట ఆగిపోయింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడికి ఓటమి సంగతి మనం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు విన్స్ యంగ్ దగ్గరికి వస్తాను, మీరు ఆర్చ్‌ని కొలిచే కర్ర అదే కాబట్టి. మీరు ఆస్టిన్‌లో దిగింది 2005 ఆగస్టు. అంతకు ముందు ఏడాది, 2004 అక్టోబరులో, మీరింకా ఖమ్మంలో వీసా కాగితాలు సర్దుకుంటున్న రోజుల్లో, ఓక్లహోమా మీద టెక్సాస్ 12-0 తో ఓడింది. మరుసటి వారం మిసోరీ ఆటలో విన్స్ ఎంత ఇబ్బంది పడ్డాడంటే, కోచ్ అతన్ని మధ్యలో తీసి ఇంకో క్వార్టర్‌బ్యాక్ చాన్స్ మాక్‌ని దింపాడు. విన్స్ బంతి వేసే తీరు బాలేదని, క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడని అన్నవాళ్ళు అప్పుడు చాలామంది. ఓక్లహోమా చేతిలో ఆ ఓటమి తర్వాత అతను ఉండగా టెక్సాస్ ఇంకొకటి ఓడలేదు, వరసగా ఇరవై గెలిచింది. మీరు వచ్చేసరికి మామిడి పండింది తమ్ముడూ. పూత రాలిన ఏడాది మీరు చూడలేదు.

విన్స్ తర్వాత వచ్చిన క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ విషయంలో ఆ సాకు కూడా లేదు, అప్పుడు మీరు ఆస్టిన్‌లోనే ఉన్నారు. 2007లో అతను 18 బంతులు అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. 2008లో వేసిన పాసుల్లో 76.7 శాతం అందించి, కాలేజీ ఫుట్‌బాల్లో అప్పటిదాకా ఎవరూ చేయని రికార్డు పెట్టాడు. 2007లో మీరు ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. బహుశా అప్పుడూ ‘వీడి వల్ల కాదు’ అనే ఉంటారు, పక్కన పిల్లాడు లేడు కాబట్టి గుర్తులేదు.

కాబట్టి అనుమానం పెట్టుకోండి, తప్పులేదు. అభిమాని అన్నాక అనుమానం ఉంటుంది. కాకపోతే దాన్ని ఇంటి పేరు మీద, వీడియో క్లిప్పుల మీద కాకుండా ఆట మీద పెట్టండి. 2026 సెప్టెంబరు ఆట ఒహాయో స్టేట్‌తో, ఆస్టిన్‌లోనే. మూడో డౌన్ మీద, అంటే ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో, ఏడెనిమిది గజాలు కావాల్సినప్పుడు, మీదికి మనుషులు వస్తుంటే, అతని వెనక పాదం నేల మీద ఉందా, లేచిపోయిందా చూడండి. బంతి అందుకోవాల్సిన మొదటి రిసీవర్ దొరక్కపోతే రెండోవాడి వైపు తల తిప్పుతున్నాడా, లేక వెంటనే పరుగు అందుకుంటున్నాడా చూడండి. అవి కుదిరితే మీ అనుమానం దానంతట అదే పోతుంది, కుదరకపోతే అది అనుమానం కాదు, నిజమే అనుకోవచ్చు.

సరే, ఇక ఆ అర పేజీ.

పైన నేను చెప్పిన విన్స్ కథ, కోల్ట్ కథ, నవంబరులో ఆర్చ్ కోలుకున్న కథ, ఇవేవీ మీ అబ్బాయి దగ్గర వాడొద్దు. ఇది మాత్రం నా గట్టి మాట. ఎందుకంటే మీరు ‘చూశావా, ఆర్చ్ బాగా ఆడాడు, నేను తొందరపడ్డాను’ అన్నారనుకోండి, వాడికి ఏం వినపడుతుంది? ఆర్చ్ బాగా ఆడకపోయుంటే నాన్న అరిచింది కరెక్టే అని వినపడుతుంది. వాడు మిమ్మల్ని ఆర్చ్ గురించి అడగలేదు. ‘పది మిస్ చేస్తే ఎక్కడ కూర్చుంటావ్’ అని అడిగాడు. మిస్ చేసిన వాడు తర్వాత కోలుకుంటాడా లేదా అన్నది ఆ ప్రశ్నలోనే లేదు. వాడు జేవీలో రెండో వాడు. వాడికి పదకొండో బంతి వేసే అవకాశం రాకపోవచ్చు, ఎప్పటికీ మొదటి క్వార్టర్‌బ్యాక్ కాకపోవచ్చు కూడా. అప్పుడు మీరెక్కడ ఉంటారన్నది వాడికి కావాలి.

మీరు ఉత్తరంలో ఒక వాదన పెట్టారు, ఇప్పుడు కాలేజీ ఆటగాళ్ళకి డబ్బులు ఇస్తున్నారు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి, వాళ్ళు జీతగాళ్ళలాంటివాళ్ళే, టికెట్ కొన్న నాకు అరిచే హక్కు లేదా అని. హక్కు ఉంది. లక్ష మందిలో మీ గొంతు ఆర్చ్‌కి ప్రత్యేకంగా వినపడింది కూడా లేదు. పక్క సీట్లో ఉన్నవాడికి మాత్రం బాగా వినపడింది.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు చూద్దాం. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు, రోజులు గడిస్తే అదే సర్దుకుంటుందని. చాలామంది నాన్నలు అదే చేస్తారు, నిజంగానే కొంత సర్దుకుంటుంది కూడా. వాడు మళ్ళీ మీతో నవ్వుతాడు, కారులో పాటలు మారుస్తాడు. కానీ ఆట గురించి మీతో మాట్లాడడు. రేపు చదువులోనో ఉద్యోగంలోనో తప్పు జరిగితే అది కూడా ముందు అమ్మకే చెబుతాడు. మీరు మీ నాన్నగారికి ఎన్ని చెప్పారో గుర్తు చేసుకుంటే, ఇది ఎంత దూరం వెళుతుందో మీకే తెలుస్తుంది. ఆ పెన్ను క్యాప్ సంగతి ఊరికే రాశారని నేను అనుకోవడం లేదు. మీ నాన్నగారు ఒక్క మాట కూడా తిట్టలేదని రాశారు, అయినా ముప్ఫై ఏళ్ళ తర్వాత మీకు గుర్తుంది ఆ క్యాపే.

లేదా కూర్చోబెట్టి వివరంగా చెప్పొచ్చు, నాకు ఈ జట్టు అంటే ఎంత ప్రాణమో, ఆ రోజు ఎండ ఎలా ఉందో, అందరూ అరుస్తుంటే ఎలా అరిచానో. ఇది మీకు తేలిగ్గా అనిపిస్తుంది, కానీ పదిహేనేళ్ళ పిల్లాడికి నాన్న వివరణ ఇస్తున్నాడంటే వాదన గెలవడానికి వచ్చాడనే అనిపిస్తుంది. వాడు ‘ఇట్స్ ఓకే డాడ్’ అని ఫోన్ తీస్తాడు. మీరు మాట్లాడేశానని తృప్తి పడతారు.

నాకు తోచింది ఇంకోటి. వాడి ప్రశ్నకి జవాబు బాకీ పడి ఉంది, ఆ జవాబే ఇవ్వండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, కారులో అయితే నయం, ఇద్దరి కళ్ళూ రోడ్డు మీద ఉంటాయి. ‘ఆ రోజు గ్యారేజీలో అడిగావు కదా, పది మిస్ చేసినా నువ్వు ఆడే చోటే కూర్చుంటాను, అరవను. ఆ రోజు అరిచింది నాకే బాలేదు, సారీ రా’ అనండి, చాలు. ఆర్చ్ పేరు ఎత్తొద్దు. వాడు వెంటనే కరిగిపోతాడని మాత్రం అనుకోవద్దు. ఏమీ అనకపోవచ్చు, ‘సరే’ అని కిటికీలోంచి చూడొచ్చు, ‘నువ్వు రావద్దు’ అని తెగేసి చెప్పొచ్చు కూడా. రావద్దంటే, ఈ వసంతంలో జరిగే ప్రాక్టీసులకి వెళ్ళకండి. పార్కింగ్ లాట్‌లో ఉండి తీసుకురండి. వాడి మాట మీరు విన్నారని వాడికి తెలియడం కూడా అవసరమే.

మీ ఆవిడ ఈ ఆటే మాన్పిద్దామంటున్నారని, తలకి దెబ్బలు తగులుతాయని భయపడుతున్నారని రాశారు. ఆవిడ భయం నిజమైంది, ఆర్చ్‌కి జరిగింది టీవీలో అందరం చూశాం. దాని గురించి స్కూల్ ట్రెయినర్‌తో, డాక్టర్‌తో విడిగా మాట్లాడి ముగ్గురూ కలిసి నిర్ణయించుకోండి. కానీ ఈ గొడవ నడుస్తున్నప్పుడు ఆ మాట ఎత్తితే, నాన్నకి నా ఆట నచ్చలేదు కాబట్టి మాన్పిస్తున్నారు అనుకుంటాడు. కొన్ని వారాలు ఆగి మాట్లాడండి.

టికెట్ల సంగతి. రెన్యూ చేస్తే ఆరేళ్ళ సీట్లు నిలుస్తాయి, ఒహాయో స్టేట్ ఆట మీ ముందే జరుగుతుంది. కానీ వాడు రాకపోతే శనివారం శనివారం ఆ పక్క సీటు మిమ్మల్ని పొడుస్తూనే ఉంటుంది, స్నేహితుణ్ణి తీసుకెళ్ళినా సరే. వదిలేస్తే డబ్బు మిగులుతుంది, కాకపోతే ఆ సీట్లు మళ్ళీ దొరకవు, పైగా ‘నా వల్ల నాన్న మానేశాడు’ అన్న బరువు వాడి మీద పడే ప్రమాదం ఉంది, నాకు అది ఎక్కువ భయం. మధ్య దారి, ఒక్కో ఆటకి విడిగా కొనుక్కోవడం, ఖర్చు ఎక్కువే గానీ ఎవరి మీదా ఒత్తిడి ఉండదు. నేనైతే వాణ్ణి అడిగి కడతాను. కానీ సారీ చెప్పిన రోజే అడగను, అడిగితే సారీ టికెట్ కోసం చెప్పినట్టు ఉంటుంది.

ఇంకొకటి మీ ఉత్తరంలోనే దొరికింది, మీరు దాన్ని ఫిర్యాదులా రాశారు. అన్నం తినేటప్పుడు కూడా వాడు చేతికి ఆ రిస్ట్ బ్యాండ్ తీయడని, దానిలో ప్లాస్టిక్ కింద చీమల బారులా అక్షరాలున్న కార్డు ఉంటుందని, పప్పు అంటుకుంటుందని అన్నా వినడని. అది వాడి ప్లే కార్డు. రెండో క్వార్టర్‌బ్యాక్ అయినా మొత్తం ప్లేలు నేర్చుకునే ఉండాలి, ఎప్పుడు పిలుస్తారో తెలియదు కదా. మీరు ఇరవై ఏళ్ళుగా ఈ ఆట చూస్తున్నారు, కానీ ఆ కార్డులో ఒక్క లైను కూడా మీరు చదవలేరు. వాడు చదవగలడు. వాడు కాస్త మెత్తబడ్డాక ఒకరోజు భోజనం దగ్గర ఒక్క లైను చూపించి అడగండి, ఇందులో నువ్వు ముందు ఎవర్ని చూస్తావు, వాడు దొరక్కపోతే ఎటు తిరుగుతావు అని. ఉప్పు డబ్బా, నీళ్ళ గ్లాసులు జరిపి చూపిస్తాడు. మధ్యలో ‘విన్స్ అయితే’ అనకండి, వాడు చెప్పడం అయిపోయేదాకా వినండి.